బీరువాలోని పెన్‌డ్రైవ్‌లో ఏముంది?

పెళ్లి వీడియోలు ఒకప్పుడు వీసీఆర్ క్యాసెట్ల మీద వచ్చేవి. తరవాత సీడీలు, డీవీడీలు వచ్చాయి. ఇప్పుడు ఫోటో స్టూడియో వాళ్లు ఆల్బమ్‌తో పాటు చిన్న పెట్టెలో ఓ పెన్‌డ్రైవ్ పెట్టి ఇస్తున్నారు. చాలా ఇళ్లలో దాన్ని ఒకటి రెండుసార్లు టీవీకి పెట్టి చూసి, పట్టుచీరల మడతల మధ్యనో, లాకర్లో నగల పక్కనో దాచేస్తారు. నగల పక్కన ఉంది కాబట్టి అది కూడా నగలాగే ఎన్నేళ్లయినా చెక్కుచెదరదని అనుకుంటారు.

అది నిజం కాదు. ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి గాజు లాంటి అతి సన్నని పొర వెనక బంధించి పెట్టిన ఎలక్ట్రాన్లు. అవి కొద్దికొద్దిగా జారిపోతూనే ఉంటాయి. ఫోన్లోని ఫోటోలు, ల్యాప్‌టాప్‌లోని ఫైళ్లు కూడా ఇలాంటి ఎలక్ట్రాన్ల లెక్కలే. గత 40 ఏళ్లలో ఈ మెమరీ ధర నమ్మలేనంతగా పడిపోయింది. దేన్ని కొంచెం కొంచెంగా వదులుకుంటూ వస్తే అది అంత చవకైందో చాలామందికి తెలియదు.

చిల్లు కుండ, మట్టి కుండ

కంప్యూటర్లో మెమరీ ముఖ్యంగా రెండు రకాలు. పని జరుగుతున్నంతసేపు ప్రాసెసర్ చేతికింద ఉండేది డీర్యామ్. వాడుకలో అందరూ ర్యామ్ అనే అంటారు. ఐబీఎం ఇంజినీరు రాబర్ట్ డెనార్డ్‌కు 1966లో తట్టిన ఆలోచన ఇది. ఒక ట్రాన్సిస్టర్, ఒక బుల్లి కెపాసిటర్ కలిస్తే ఒక సెల్. కెపాసిటర్‌లో విద్యుదావేశం ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. అయితే ఆ ఆవేశం నిలవదు. చిల్లు కుండలో నీళ్లలా కారిపోతుంటుంది. అందుకే సాధారణంగా ప్రతి 64 మిల్లీసెకన్లలోపు సెల్స్ అన్నిటినీ చదివి మళ్లీ నింపుతూ ఉండాలి. కరెంటు పోయిందంటే అంతా ఖాళీ.

రెండోది ఫ్లాష్. పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు, ఫోన్ స్టోరేజీ, ఎస్‌ఎస్‌డీ అన్నీ ఈ కోవలోవే. ఇది చిల్లు కుండ కాదు, మట్టి కుండ. నీళ్లు నిలుస్తాయి, కానీ కుండ చెమరుస్తుంది.

దీని మూలం 1967 నాటి బెల్ ల్యాబ్స్ పరిశోధన. డావన్ కాంగ్, సైమన్ జీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ట్రాన్సిస్టర్ గేటు కింద మరో గేటును పెట్టి, దాని చుట్టూ విద్యుత్తు పారని బంధక పదార్థాన్ని చేర్చారు. పొరల మీద పొరలున్న చీజ్‌కేక్ తింటుండగా ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. లోపలి గేటుకు ఏ తీగా తగలదు, నీళ్ల మధ్య దీవిలా ఉంటుంది. అందుకే దానికి ఫ్లోటింగ్ గేటు అని పేరు. అందులోకి ఎలక్ట్రాన్లను ఎక్కించాలంటే పై నుంచి సుమారు 20 వోల్టుల ఒత్తిడి పెట్టాలి. అప్పుడు అవి 7, 8 నానోమీటర్ల మందమున్న బంధక పొరను దాటి లోపలికి చేరతాయి. గోడ ఎక్కి దూకవు, గోడలోంచే ఇవతలికి వస్తాయి. క్వాంటం భౌతికశాస్త్రం దీన్ని టన్నెలింగ్ అంటుంది. వోల్టేజీ తీసేస్తే లోపలివి లోపలే చిక్కుకుంటాయి. లోపల ఎన్ని ఎలక్ట్రాన్లుంటే ట్రాన్సిస్టర్ తెరుచుకోవడానికి అంత ఎక్కువ వోల్టేజీ కావాలి. ఆ తేడాను కొలిచి అక్కడ ఏం రాసి ఉందో చదువుతారు.

చెరపాలంటే అదే గోడలోంచి వాటిని వెనక్కి లాగాలి. ఇలా లోపలికి తోసినప్పుడల్లా, బయటికి లాగినప్పుడల్లా ఆ పొరకు కంటికి కనపడని గాయమవుతుంది. గాయాలు పెరిగేకొద్దీ ఎలక్ట్రాన్లు జారిపోవడానికి దారులు ఏర్పడతాయి. ఫ్లాష్ మెమరీ అరిగిపోవడమంటే ఇదే. తిరిగే చక్రం ఒక్కటి కూడా లేని వస్తువు వాడితే అరుగుతుందంటే మొదట నమ్మబుద్ధి కాదు.

87 మిలియన్ యెన్ల ఇంజినీరు

1971లో ఇంటెల్‌లో డోవ్ ఫ్రోమన్ ఈ సూత్రంతో తయారు చేసిన ఈప్రామ్ చిప్పును చెరపాలంటే, దాని నెత్తిమీది క్వార్ట్జ్ కిటికీ గుండా కొన్ని నిమిషాలపాటు అతినీలలోహిత కాంతి ప్రసరింపజేయాల్సి వచ్చేది. ఆ బాధ తప్పించినవాడు జపాన్‌లోని తోషిబా ఇంజినీరు ఫుజియో మసువోకా. పెద్ద భాగాన్ని ఒక్క దెబ్బకు విద్యుత్తుతోనే చెరిపే పద్ధతి కనిపెట్టారు. కెమెరా ఫ్లాష్ వెలిగినట్టు ఒక్క క్షణంలో చెరిగిపోతోందని సహోద్యోగి షోజి అరీజుమి దానికి ఫ్లాష్ అని పేరు పెట్టారు. 1984లో నార్ రకాన్నీ, 1987లో నాండ్ రకాన్నీ ప్రపంచానికి చూపించారు. సెల్స్‌ను దండలా గుచ్చి తక్కువ చోటులో ఎక్కువ ఇరికించేది నాండ్. ఈరోజు మనం ఫోటోలు దాచుకునేదంతా ఆ రకమే.

సొంత సంస్థ మొదట్లో దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. మసువోకాకు దక్కిన బహుమానం కొన్ని వందల డాలర్లని అప్పటి పత్రికలు రాశాయి. 1994లో ఆయన తోషిబా వదిలి తోహోకు విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా చేరారు. తన ఆవిష్కరణలో తగిన వాటా కోసం 2004లో సంస్థపై దావా వేశారు, 2006లో 87 మిలియన్ యెన్లకు రాజీ కుదిరింది. అంటే 8 కోట్ల 70 లక్షల యెన్లు. ఆ తరవాతి కథ ఇంకా విచిత్రం. అమెరికా అణు విద్యుత్ వ్యాపారంలో దారుణంగా నష్టపోయిన తోషిబా, ఒడ్డున పడటానికి 2018లో తన మెమరీ విభాగాన్నే సుమారు 2 లక్షల కోట్ల యెన్లకు అమ్ముకుంది. ఒకనాడు పట్టించుకోని ఆస్తే చివరికి అక్కరకొచ్చింది. ఆ విభాగం ఇప్పుడు కియోక్సియా.

ఫ్లాష్‌ను సామాన్యుల దాకా తెచ్చిన కంపెనీల్లో శాన్‌డిస్క్ ఒకటి. 1988లో దాన్ని స్థాపించిన ముగ్గురిలో కాన్పూర్‌లో పుట్టిన సంజయ్ మెహ్రోత్రా ఒకరు. ఆ కంపెనీ 1991లో 20 మెగాబైట్ల ఎస్‌ఎస్‌డీని అమ్మింది. ధర దాదాపు 1000 డాలర్లు, అంటే మెగాబైటుకు 50 డాలర్లు. 2023లో మార్కెట్ కుప్పకూలినప్పుడు 1 టెరాబైట్ ఎస్‌ఎస్‌డీ అమెరికాలో 50 డాలర్లలోపే దొరికింది. టెరాబైటంటే 10 లక్షల మెగాబైట్లు. అంటే 32 ఏళ్లలో ధర 10 లక్షల వంతుకు పడిపోయింది.

ఒకే కుండలో 16 గీతలు

ఈ తగ్గుదలలో ఎక్కువ భాగం సెల్‌ను చిన్నది చేయడం వల్ల వచ్చింది. మిగిలినదానికి ఇంకో ఉపాయం ఉంది. కుండ నిండుగా ఉందా, ఖాళీగా ఉందా అని మాత్రమే చూస్తే ఒక సెల్‌లో ఒకే బిట్ దాచగలం. అదే కుండకు లోపల గీతలు గీసి, నీళ్లు ఏ గీత దాకా ఉన్నాయో చూస్తే? నాలుగు మట్టాలకు రెండు బిట్లు, ఎనిమిదికి మూడు, 16 మట్టాలకు నాలుగు బిట్లు పడతాయి. వీటినే వరసగా ఎంఎల్‌సీ, టీఎల్‌సీ, క్యూఎల్‌సీ అంటారు. ఒకే సెల్‌లో ఇలా ఎక్కువ బిట్లు రాయడం, చదవడం గురించిన తొలి పేటెంట్లలో మెహ్రోత్రా పేరు కూడా ఉంది.

ఇక్కడి లెక్క చూడదగ్గది. ఒక బిట్ నుంచి రెండుకు వెళ్తే అదే చిప్పులో రెట్టింపు సమాచారం పడుతుంది. రెండు నుంచి మూడుకు వెళ్తే సగమే అదనం. మూడు నుంచి నాలుగుకు వెళ్తే మూడో వంతే. లాభం ఇలా తరుగుతుంటే, గీతల సంఖ్య మాత్రం ప్రతిసారీ రెట్టింపవుతుంది. గీతలు దగ్గరపడితే కుండ కొంచెం చెమర్చినా నీటిమట్టం పక్క గీతకు దిగిపోతుంది. చదివేవాడికి వేరే అంకె కనపడుతుంది.

అందుకే సెల్ ఆయుష్షు తగ్గుతూ వచ్చింది. ఒక బిట్ రకం సుమారు లక్షసార్లు చెరిపి రాసినా తట్టుకునేది. మూడు బిట్ల రకానికి అది ఒకటి నుంచి మూడు వేలు. నాలుగు బిట్ల రకానికి వెయ్యి, అటూ ఇటూగా. ఇందులో మోసమేమీ లేదు. 128 జీబీ ఫోన్లో రోజుకు 10 జీబీ కొత్తగా రాసినా, వెయ్యిసార్లు నిండడానికి 35 ఏళ్లు పడుతుంది. లోపలి సర్దుబాట్లకు సగం పోయిందనుకున్నా 17 ఏళ్లు. ఫోన్ అంతకాలం ఎవరి చేతిలోనూ ఉండదు. కానీ దుకాణంలోని సీసీ కెమెరా సంగతి వేరు. రోజుకు 40 జీబీ రికార్డు చేసే కెమెరాలో 32 జీబీ కార్డు పెడితే, వెయ్యిసార్లు నిండి చెరగడానికి రెండేళ్ల రెండు నెలలు చాలు. దొంగతనం జరిగిన రోజునే కార్డు పనిచేయలేదని యజమాని తల పట్టుకోవడం వెనక తరచు ఉండే కారణం ఇదే. అలాంటి వాడకం కోసం ప్రత్యేకంగా ఎక్కువ ఆయుష్షున్న కార్డులు అమ్ముతున్నారు. వాటికి నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టడం దండగ కాదు.

సెల్‌ను కుదించడం 2010ల ప్రారంభానికి గోడకు తగిలింది. సెల్ ఎంత చిన్నదైపోయిందంటే, ఒక గీతకూ మరో గీతకూ మధ్య తేడా కొన్ని పదుల ఎలక్ట్రాన్లకు దిగింది. అప్పుడు పరిశ్రమ నగరాలు చేసే పనే చేసింది. స్థలం లేనప్పుడు అంతస్తులు వేయాలి. శాంసంగ్ 2013లో 24 పొరల చిప్పును పెద్దయెత్తున తయారు చేయడం మొదలుపెట్టింది. 2024 చివరికి ఎస్‌కే హైనిక్స్ 321 పొరలకు చేరింది. ఒక్కొక్క అంతస్తును విడిగా కట్టరు. పొరలన్నీ పేర్చాక పై నుంచి కిందికి సన్నని రంధ్రాలు తొలుస్తారు. ఒక్క వేఫర్ మీద లక్ష కోట్లకు పైగా రంధ్రాలు. బోరు కొంచెం వంకర పోయినా కింది అంతస్తుల సెల్స్ పాడైనట్టే.

ఈ మలుపులో అనుకోని మేలు ఒకటి జరిగింది. ఎత్తు కలిసొచ్చింది కాబట్టి ఒక్కో సెల్‌ను మళ్లీ కాస్త పెద్దది చేసుకోగలిగారు. ఎక్కువ ఎలక్ట్రాన్లు పట్టాయి. మూడు, నాలుగు బిట్ల రకాలు నమ్మదగినవిగా నిలబడింది అందువల్లే.

కరణం లెక్కలు

ఇంత తడబడే సెల్స్ ఉన్నా ఫైళ్లు సరిగ్గా తెరుచుకుంటున్నాయంటే ఆ గొప్ప కంట్రోలర్ చిప్పుది. ఫ్లాష్‌లో ఒక వింత నియమం ఉంది. ఒక్కో కాగితం చొప్పున రాయొచ్చు గానీ, చెరపాలంటే పుస్తకం మొత్తం చెరపాలి. కాబట్టి ఫైలులో ఒక్క అక్షరం మార్చినా కంట్రోలర్ పాతచోట దిద్దదు. కొత్తచోట రాసి, పాతదాన్ని కొట్టేసినట్టు గుర్తు పెట్టుకుంటుంది. ఏ సర్వే నంబరు భూమి నిజానికి ఎక్కడుందో ఊరి కరణానికే తెలిసినట్టు, ఏ ఫైలు ఏ సెల్స్‌లో ఉందో దానికి ఒక్కదానికే తెలుసు. అన్ని పుస్తకాలూ సమానంగా అరిగేలా పని పంచుతుంది. పక్క గీతకు జారిన అంకెలను గణితంతో పట్టుకుని సరిచేస్తుంది. ఇందుకు ఇప్పుడు ఎక్కువగా వాడే ఎల్‌డీపీసీ కోడ్‌లను రాబర్ట్ గాలగర్ 1960లో ఎంఐటీలో తన పీహెచ్‌డీ కోసం రూపొందించారు. ఆ కాలపు కంప్యూటర్లకు అది మోయలేని భారం కావడంతో దశాబ్దాలపాటు మూలన పడి ఉంది.

కరణం లెక్క తప్పు రాస్తే ఏమవుతుందో నకిలీ మెమరీ కార్డులు చూపిస్తాయి. ఆన్‌లైన్‌లో మూడు వందల రూపాయలకు దొరికే 1 టీబీ కార్డులో ఉండేది ఏ 16 జీబీయో, 32 జీబీయో చిప్పు. కంట్రోలర్ చేత 1 టీబీ అని అబద్ధం చెప్పిస్తారు. అసలు సామర్థ్యం నిండేదాకా అంతా బాగానే ఉంటుంది. ఆ తరవాత కొత్త ఫోటోలు పాతవాటి మీద పడతాయి. ఫైళ్ల పేర్లు, సైజులు కనిపిస్తూనే ఉంటాయి. తెరిస్తే ఏమీ ఉండదు. కార్డు కొన్న రోజే చివరిదాకా నింపి, తిరిగి చదివి చూసే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఆ పరీక్షకు కొన్ని గంటలు పట్టినా చేయడం మేలు.

ఇక బీరువాలోని పెన్‌డ్రైవ్ సంగతి. కరెంటు లేనప్పుడు కంట్రోలర్ నిద్రలో ఉంటుంది. సరిదిద్దేవాళ్లు లేరు, కుండ మాత్రం చెమరుస్తూనే ఉంటుంది. జెడెక్ అనే ప్రమాణాల సంస్థ ఇళ్లలో వాడే ఎస్‌ఎస్‌డీలకు ఒక కనీస అర్హత పెట్టింది. నిర్ణీత ఆయుష్షు పూర్తిగా వాడేసిన తరవాత కూడా, కరెంటు లేకుండా 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఏడాదిపాటు సమాచారం నిలవాలి. డేటా సెంటర్ రకాలకైతే 40 డిగ్రీల దగ్గర మూడు నెలలు చాలు, ఎందుకంటే అవి ఎప్పుడూ కరెంటు మీదే ఉంటాయి. 2015లో ఇందుకు సంబంధించిన ఒక పట్టికను తప్పుగా చదివి, ఆపేసిన ఎస్‌ఎస్‌డీలో సమాచారం రోజుల్లోనే పోతుందని ప్రపంచమంతా గగ్గోలు పుట్టింది. అది అరిగిపోయిన డ్రైవ్ లెక్క. ఒకటి రెండుసార్లే రాసిన డ్రైవ్‌లో పొర గాయపడలేదు కాబట్టి సమాచారం ఏళ్ల తరబడి నిలుస్తుంది.

నిశ్చింతగా ఉండనివ్వని సంగతులు రెండున్నాయి. ఒకటి, వేడి. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఎలక్ట్రాన్లు వేగంగా జారుకుంటాయి. ప్రమాణంలో రాసిన 30 డిగ్రీలు మన మే నెలలో అర్ధరాత్రి కూడా ఉండవు. రెండు, చవక పెన్‌డ్రైవ్‌లకు, కార్డులకు తరచు తక్కువ శ్రేణి చిప్పులే వెళ్తాయి, వాటిమీద ఏ రకమో, ఎంతకాలం నిలుస్తాయో రాసి ఉండదు. అన్నమయ్య సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు తిరుమల గుడిలోని చీకటి అరలో శతాబ్దాలపాటు ఎవరూ ముట్టుకోకుండా పడి ఉండి, 20వ శతాబ్దంలో చదవగలిగే స్థితిలోనే బయటపడ్డాయి. ఫ్లాష్‌ను అలాంటి పని కోసం ఎవరూ తయారు చేయలేదు.

మదనపల్లె టమాటాలా

మెమరీ మార్కెట్‌ను అర్థం చేసుకోవాలంటే మదనపల్లె టమాటా మార్కెట్ చూసినా సరిపోతుంది. ధర పలికిన ఏడాది అందరూ వేస్తారు, పంట వచ్చేసరికి ధర పడిపోతుంది. తేడా ఏమిటంటే, ఇక్కడ పంటకు వందల కోట్ల డాలర్ల ఫ్యాక్టరీ కావాలి, కట్టడానికి రెండు మూడేళ్లు పడుతుంది. పైగా సాగుచేసేవాళ్లు గుప్పెడు మందే. డీర్యామ్‌లో అత్యధిక భాగం శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ చేతుల్లో ఉంది. ఫ్లాష్‌లో వీటికి కియోక్సియా, శాన్‌డిస్క్, చైనాకు చెందిన వైఎంటీసీ తోడవుతాయి. 2019 జూన్‌లో జపాన్‌లోని యొక్కాయిచి ఫ్యాక్టరీలకు 13 నిమిషాలు కరెంటు పోయింది. శాన్‌డిస్క్‌కు అప్పటి యజమాని అయిన వెస్టర్న్ డిజిటల్ తన వాటా నష్టమే సుమారు 6 ఎక్సాబైట్లని చెప్పింది. అంటే 60 లక్షల టెరాబైట్లు.

డీర్యామ్ వేగం, ఫ్లాష్ నిలకడ రెండూ ఉన్న మెమరీ వస్తే ఈ కథ మారుతుందని ఒకప్పుడు ఆశించారు. ఇంటెల్, మైక్రాన్ 2015లో 3డీ క్రాస్‌పాయింట్ ప్రకటించినప్పుడు నాండ్ కంటే వెయ్యి రెట్ల వేగం, వెయ్యి రెట్ల మన్నిక అన్నారు. ఆప్టేన్ పేరుతో 2017లో మార్కెట్లోకి వచ్చింది. నిజంగానే వేగంగా పనిచేసింది. కానీ ఎక్కువ తయారైతేనే ధర తగ్గుతుంది, ధర తగ్గితేనే ఎక్కువ అమ్ముడవుతుంది. ఆ ముడి విడలేదు. 2021లో మైక్రాన్, 2022లో ఇంటెల్ తప్పుకున్నాయి. ఇంటెల్ 55.9 కోట్ల డాలర్ల నిల్వల విలువను నష్టం కింద రాసుకుంది. మంచి భౌతికశాస్త్రం చవక భౌతికశాస్త్రం చేతిలో ఓడిపోయిన సందర్భమిది.

ఇప్పుడు ధరలు పైకి ఎగబాకడానికి కారణం కృత్రిమ మేధ. ఆ చిప్పుల పక్కన ఉండే హెచ్‌బీఎం మెమరీ, డీర్యామ్ ముక్కలను ఒకదాని మీద ఒకటి పేర్చి చేసినదే. అంతే సామర్థ్యమున్న మామూలు డీర్యామ్‌తో పోలిస్తే దానికి దాదాపు మూడు రెట్ల సిలికాన్ ఖర్చవుతుంది. ఉన్న పొలం అటు వెళ్తే ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల కోసం మిగిలేది తక్కువ. 2025 చివరికి ర్యామ్ ధరలు భగ్గుమన్నాయి. అదే డిసెంబరులో మైక్రాన్, సామాన్య వినియోగదారులకు ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు అమ్మే తన క్రూషియల్ వ్యాపారాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించింది. ఆ కంపెనీకి 2017 నుంచి సారథి మెహ్రోత్రాయే.

భారత్ ఈ గొలుసులో చివరి కొస నుంచి ప్రవేశిస్తోంది. గుజరాత్‌లోని సానంద్‌లో మైక్రాన్ ఫ్యాక్టరీకి 2023లో పునాది పడింది. 275 కోట్ల డాలర్ల ఆ పథకంలో కంపెనీ వాటా 82.5 కోట్లు, మిగతాది కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలది. అక్కడ జరిగేది విదేశాల నుంచి వచ్చిన వేఫర్లను కోసి, పరీక్షించి, చిప్పులుగా కూర్చడం. సెల్స్‌ను సృష్టించే పని కాదు. ఆ సెల్స్ గురించి ఆలోచించేవాళ్లు మాత్రం ఇక్కడ చాలాకాలంగా ఉన్నారు. మైక్రాన్‌కు 2019 నుంచి హైదరాబాద్‌లో అభివృద్ధి కేంద్రం ఉంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో శ్రీతోష్ గోస్వామి బృందం, ఒకే అణు పొరలో 16,500 వేర్వేరు స్థితులను నిలపగలిగే పరికరాన్ని 2024లో నేచర్ పత్రికలో ప్రచురించింది. 16 గీతల దగ్గరే క్యూఎల్‌సీ చెమటోడుస్తోందని గుర్తుంటే ఆ అంకె విలువ తెలుస్తుంది. అదే సంస్థకు చెందిన పవన్ నూకల, అమెరికా సహచరులతో కలిసి అదే ఏడాది చూపించింది మరొకటి. ఇండియం సెలనైడ్‌ను కరిగించకుండానే, స్వల్ప విద్యుత్తుతో దాని స్ఫటిక నిర్మాణాన్ని గాజు లాంటి స్థితికి మార్చవచ్చు. ఇలాంటి స్థితి మార్పు మీద ఆధారపడే మెమరీలకు ప్రధాన అడ్డంకి ఆ కరిగించే శక్తే. రెండూ ప్రయోగశాల దశలోనే ఉన్నాయి, ఆప్టేన్ అనుభవం వాటికీ ఎదురవుతుంది.

ఈలోగా పెళ్లి వీడియో ఉన్న పెన్‌డ్రైవ్‌ను బయటికి తీయాలి. కంప్యూటర్‌కు తగిలిస్తే చాలదు. చాలా పెన్‌డ్రైవ్‌ల కంట్రోలర్లు తమంతట తాముగా పాత సెల్స్‌ను మళ్లీ నింపవు. ఫైళ్లన్నీ కంప్యూటర్లోకి కాపీ చేసి, ఒక్కోటి తెరిచి చివరిదాకా ఆడుతోందో లేదో చూసి, అప్పుడు మళ్లీ పెన్‌డ్రైవ్‌లోకి రాస్తే ఎలక్ట్రాన్లు కొత్తగా నిండుతాయి. ఇంకో ప్రతి హార్డ్‌డిస్క్‌లో ఉంటే మరీ మంచిది. అందులో సమాచారం అయస్కాంత రూపంలో ఉంటుంది కాబట్టి ఎలక్ట్రాన్లు జారిపోయే సమస్య లేదు, టెరాబైటుకు ధర కూడా తక్కువ. కింద పడేస్తే మాత్రం పోతుంది. ఏడాదికో, రెండేళ్లకో ఒకసారి, పెళ్లిరోజు నాడే అయినా సరే, వీడియో పెట్టి చూస్తే ఈ తనిఖీ దానంతటదే జరిగిపోతుంది.